పెట్టె తప్పు కాదు

ఫ్యాక్టరీ మూతపడ్డ ఏడాది, సెప్టెంబరు మొదటి వారంలో మా ఇంటి హీటరు చేతులెత్తేసింది. నేలమాళిగలోకి దిగి చూసిన రిపేరు మనిషి టార్చి ఆర్పేసి, "దీన్ని మళ్లీ వెలిగించమని మాత్రం నన్ను అడక్కండి. ఇల్లు తగలబడితే ఆ పాపం నాకెందుకు?" అన్నాడు. కొత్తది కొనాలి. మా వెస్ట్ వర్జీనియా కొండల్లో మంచు పడకముందే కొనాలి. నాకు ఉద్యోగం లేదు. మా మామగారికి రావలసిన పింఛనులో సగం ఫ్యాక్టరీతోపాటే పోయింది. నా భార్య కొలెట్ బడి వంటగదిలో పనిచేసి తెచ్చేది ముగ్గురి తిండికీ సరిపోయేది, అంతే.

అమ్ముకోవడానికి మా ఇంట్లో ఉన్నది గాజు ఒక్కటే.

మా మామగారు ఆర్మండ్ నలభై ఒక్కేళ్లు కొలిమి దగ్గర గాజు ఊదిన మనిషి. పని అయిపోయాక కుండలో మిగిలిన గాజుతో అక్కడివాళ్లు తమ సరదా కోసం బొమ్మలు చేసుకునేవాళ్లు. ఆయన చేసినవి మా ముందుగదిలో మూడు అరల నిండా ఉండేవి. బాతులు, చేపలు, పిడికెడంత బేరిపళ్లు. అన్నిటికంటే పైన మూడు కోడిపుంజులు. రక్తంలాంటి ఎరుపు, జానెడు ఎత్తు, పొట్ట దగ్గర అడ్డంగా నా మణికట్టంత గట్టి గాజు. వాటి తలమీది జుట్టు ఒక్క లాగుడులో తీసిందని, ఆ లోయలో అలా తీయగలిగినవాళ్లు ఇంకెవరూ లేరని ఆయన చెప్పేవారు. అది నిజమే.

నేనూ అదే ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు చేశాను. ప్యాకింగులో. కొలిమివాళ్లకు ప్యాకింగువాళ్లంటే లెక్కలేదు. కొలెట్‌ని చేసుకుంటానని అడగడానికి వెళ్లినప్పుడు ఆయన నా చేతులు రెండూ వెనక్కీ ముందుకీ తిప్పి చూశారు. ఒక్క కాలిన మచ్చ లేదు. "ఓహో, పెట్టెలవాడివా" అన్నారు. అంతే. ఆ తరవాత నా పేరు వర్జిల్ అని ఆయనకు గుర్తున్నట్టే కనిపించేది కాదు. "ఏమోయ్ పెట్టెలూ, ఉప్పు ఇలా అందుకో" అనేవారు.

కంప్యూటరు వేలంలో పెడదామన్నది కొలెట్. ఫోటోలు తీసింది తనే. ఒక్కొక్క బొమ్మకూ వారం రోజుల గడువు, ఎవరు ఎక్కువ పాడితే వాళ్లకి. మొదట్లో మామగారు ఆ గదిలోకే వచ్చేవారు కాదు. ఒక బాతుకి ఒహాయోలో ఇద్దరు పోటీపడి ధర పెంచుకుంటూ పోయిన సాయంత్రం కుర్చీ లాక్కుని వెనక కూర్చున్నారు. "ఎవడే వీడు? మంచి కళ్లున్నవాడే" అన్నారు.

గొడవ వచ్చింది పోస్టేజీ దగ్గర. అది కాదు, ఇన్సూరెన్సు దగ్గర.

"ఇన్సూరెన్సు ఎందుకు?" అన్నాను నేను. "నా బల్ల మీంచి వెళ్లినవాటిలో ఏడాదికి రెండు పగిలితే గొప్ప. అది కట్టడమంటే నా పెట్టెని నేనే నమ్మనట్టు."

"నీ పెట్టె సంగతి కాదు. లారీ నువ్వు తోలవు కదా" అంది కొలెట్.

"ఎంతకి కడతారు?" అన్నారు మామగారు.

"వేలంలో ఎంత పలికితే అంతకి."

"ఆ బాతు ముప్ఫై ఎనిమిదికి పోయింది. అంటే అది పగిలితే నా బాతు ఖరీదు ముప్ఫై ఎనిమిదని పోస్టాఫీసు వాళ్లు తేలుస్తారా? వాళ్లెవరు తేల్చడానికి?"

"వాళ్లు కాదు నాన్నా. కొన్నవాడు తేల్చాడు."

"కొన్నవాడికేం తెలుసు?"

"ఇందాక మంచి కళ్లున్నవాడన్నావు!"

ఆయన లేచి వెళ్లిపోయారు. చివరికి కొలెట్ మాటే నెగ్గింది. చిన్నవాటికి కొనేవాళ్లే కావాలంటే కట్టుకుంటారు. వంద డాలర్లు దాటినవాటికి మాత్రం వాళ్లు వద్దన్నా మేమే కడతాం. మామూలు పార్శిల్ పది రోజులు ఊళ్లు తిరిగి వెళ్తుంది, ఎన్ని చేతులు మారితే అంత ప్రమాదం. అందుకని బరువైనవాటికి మూడు రోజుల్లో చేరే తపాలా. ఆ లెక్కలన్నీ నేనే వేసి, ఒక అట్టముక్క మీద రాసి, ఫ్రిజ్ తలుపుకి అంటించాను.

ఆ నెలంతా మా వంటింటి బల్ల నా పాత ప్యాకింగు బల్లలా తయారైంది. ముందు మెత్తటి కాగితం, దాని మీద బుడగల ప్లాస్టిక్, చిన్న పెట్టె, అది కదలకుండా పెద్ద పెట్టె, రెండిటి మధ్యా నాలుగు వేళ్ల మందాన థర్మాకోల్ ముక్కలు. ఊపితే చప్పుడు రాకూడదు. మామగారు కాఫీ తాగుతూ చూసేవారు. ఒకరోజు, "అంతసేపా ఒక్కదానికి?" అన్నారు. మెచ్చుకోలో వెక్కిరింతో నాకు అర్థం కాలేదు.

సెప్టెంబరు ఆఖరుకి రెండు పుంజులు వెళ్లిపోయాయి. ఒకటి పెన్సిల్వేనియాలో పాత సామాన్ల దుకాణానికి, ఒకటి ఆరెగాన్‌లో లేలండ్ ఫిప్స్ అనే అతనికి. రెండూ భద్రంగా చేరాయి. మూడోదాన్ని అక్టోబరు మధ్యలో పెట్టాం. అప్పటికి ఆ రెండిటి గురించి తెలిసినవాళ్లు కాచుకుని ఉన్నారేమో, నాలుగు వందల పది పలికింది. నెబ్రాస్కాలో ఇంగ్రిడ్ ఆస్టర్‌గార్డ్ అనే పెద్దావిడ కొంది. తన చిన్నప్పుడు వాళ్ల నాన్న పొలంలో అచ్చం ఇలాంటి పుంజు ఉండేదనీ, మనవరాలి పుట్టినరోజుకి ఇద్దామనుకుంటున్నాననీ రాసింది. దానితో హీటరు డబ్బు ఇంచుమించు పూర్తయినట్టే.

పోస్టాఫీసు కౌంటరులో పనిచేసే ట్వైలా ఆ పెట్టెని తూకం మీద పెట్టి, "నాలుగు వందలా! ఇందులో ఏముంది, మీ అత్తగారి నగలా?" అంది.

"కోడి" అన్నాను.

"బతికున్నదైతే దీనికి వేరే ఫారం ఉంది" అంది. నా వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు. ఇన్సూరెన్సు చీటీ పెట్టెకి అంటించి, రసీదు నా చేతికిచ్చింది.

ఆ వారం చలి ముందే దిగింది. ఆరో రోజు పొద్దున్న కొలెట్ కంప్యూటరు ముందు కూర్చుని, "వర్జిల్, ఇలా రా" అంది. నెబ్రాస్కా పెద్దావిడ ఎవరినీ నిందించకుండా రాసింది. పెట్టె విప్పేసరికి పుంజు మూడు ముక్కలై ఉందట. "ఎంత బాగా కట్టారో! విప్పడానికే నాకు అరగంట పట్టింది. లోపల ఇలా ఉంటుందని అనుకోలేదు. చాలా బాధపడ్డాను" అని.

కొలెట్ చదువుతుంటే మామగారు గుమ్మంలో నిలబడి విన్నారు.

"ముప్ఫై అయిదేళ్లు అర మీద ఉంది" అన్నారు, నన్నే చూస్తూ. "ఈ ఇంట్లో పిల్లలు బంతులాడారు, కొలెట్ పెళ్లిలో జనం దాని పక్కన గెంతారు. ఏమీ కాలేదు. నీ పెట్టెలో మూడు రోజులు ఉండలేకపోయింది."

ఆ రాత్రి అన్నం దగ్గర ఆయన ఉప్పు కూడా కొలెట్‌నే అడిగారు.

పెట్టెతో సహా ముక్కలన్నీ వెనక్కి పంపమని రాశాం, ఇన్సూరెన్సు వాళ్లకి చూపించాలి కనక. వచ్చిన రోజు కొలెట్ బడిలో ఉంది, మామగారు మంగలి దగ్గరికి వెళ్లారు. వరండాలో కూర్చుని ఒక్కడినే విప్పాను. పెద్ద పెట్టె మూలలు నాలుగూ కొత్తవాటిలా ఉన్నాయి. చిన్న పెట్టె మీద గీత లేదు. అంతా నేను కట్టినట్టే కట్టి పంపింది ఆ పెద్దావిడ. థర్మాకోల్ ఎక్కడా నలగలేదు.

ముక్కలు ఒళ్లో పెట్టుకుని వెలుతురుకి తిప్పి చూశాను. నేను గాజు ఊదలేదు గానీ, ఇరవై రెండేళ్లు పగిలిన గాజు ఏరాను. దెబ్బ తగిలి పగిలితే తగిలిన చోట నలిగినట్టు ఒక తెల్లటి చుక్క ఉంటుంది, అక్కణ్ణించి గీతలు సాలెపురుగు కాళ్లలా విడిపోతాయి. దీనికి చుక్క లేదు. పొట్ట మధ్యలోంచి ఒక పగులు బయల్దేరి, ఏరులా వంకర తిరుగుతూ నున్నగా పైకి వచ్చింది. బయటనుంచి ఎవరూ దీన్ని పగలగొట్టలేదు. లోపలే పుట్టింది. సరిగ్గా చల్లారని గాజు అలాగే పోతుంది, ఈ వేళ కావచ్చు, ఇరవై ఏళ్లకి కావచ్చు. లారీలో రాత్రంతా చలికి ముడుచుకుని ఉంటుంది, అంతే, ఆ సాకు చాలు దానికి.

నా మీద పడ్డ మాట తీసేసుకోవడానికి ఆ ముక్క ఆయన కళ్లముందు పెడితే చాలు. కానీ ఫ్యాక్టరీ పోయింది, అత్తయ్య పోయింది, అరలు ఖాళీ అవుతున్నాయి. తన చేతి పని మీద నమ్మకం ఒక్కటే మిగిలింది ఆయనకి. అది కూడా నేనే లాక్కోవాలా? ముక్కల్ని తువ్వాలులో చుట్టి వంటింటి బల్ల మీద పెట్టేశాను. ఆయన వచ్చి, తువ్వాలుతో సహా తీసుకుని తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు.

నాలుగు రోజులు ఆ తువ్వాలు బయటకి రాలేదు.

అయిదో రోజు కొలెట్ ఫారం నా ముందు పెట్టింది. "ఇవాళ ఇచ్చేసి రా. ఆవిడ డబ్బు ఆవిడకి పంపాలి, మనకి హీటరు రావాలి. ఇందుకే కదా కట్టింది మనం?"

"ముక్కలు కావాలి. చూపించాలి" అన్నాను.

గది తలుపు తెరుచుకుంది. మామగారు కోటు వేసుకుని ఉన్నారు, చంకలో తువ్వాలు మూట. "నేనూ వస్తాను. పొగాకు కొనుక్కోవాలి" అన్నారు.

దారంతా ట్రక్కులో ఆయన కిటికీలోంచి బయటికే చూశారు. చెట్లకి ఆకు మిగల్లేదు. పోస్టాఫీసులో మేం తప్ప ఎవరూ లేరు. ట్వైలా పెట్టెని అన్ని వైపులా తిప్పి చూసింది.

"దీనికి దెబ్బేం తగల్లేదే, వర్జిల్."

"అవును."

"లోపల కట్టడంలో తేడా ఉంటే డబ్బు రాదు, నీకు తెలుసుగా. దారిలోనే పగిలిందని నువ్వు సంతకం పెట్టాలి. ఇక్కడ." వేలితో చూపించి, కలం నా వైపు జరిపింది.

నేను సంతకం పెట్టేవాణ్ణే. అది దాచను. పగిలింది దారిలోనే కదా, అది అబద్ధం కాదు కదా అని వచ్చేటప్పుడే నాకు నేను చెప్పుకున్నాను. కలం తీసుకున్నాను కూడా.

"ఆగు" అన్నారు మామగారు.

తువ్వాలు కౌంటరు మీద విప్పారు. పెద్ద ముక్క తీసి, పగిలిన వైపు ట్వైలాకి చూపించారు, ఆవిడ ఫ్యాక్టరీకి కొత్తగా వచ్చిన పనిపిల్ల అయినట్టు. "ఇదిగో, ఇక్కడ చూడమ్మా. దెబ్బ తగిలిన గుర్తుందా? లేదు. ఇది లోపల్నుంచి వచ్చింది. ఇంత గట్టి గాజుని బట్టీలో ఒక పగలూ ఒక రాత్రీ నిదానంగా చల్లార్చాలి. నేను ఆరు గంటలు ఉంచాను."

ట్వైలా నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

"జులై సెలవులకి ఫ్యాక్టరీ ఆపే రోజు. సాయంత్రం బట్టీ ఆర్పేస్తారు, గేటు తాళం వేసేస్తారు. మర్నాడు మా మామగారింట్లో విందు. ఆయనా గాజు ఊదేవాడే. నేనంటే గిట్టేది కాదు." ఆయన ముక్కని మళ్లీ తువ్వాల్లో పెట్టి, అంచులు సర్దారు. "ఆయనకి చూపించాలని తొందర. వేడిగా ఉండగానే మూడూ బట్టీలోంచి బయటికి తీసేశాను. తప్పని అప్పుడే తెలుసు. పగల్లేదు కదా అని తరవాత మర్చిపోయాను."

నేను కలం కౌంటరు మీద పెట్టేశాను.

"పెట్టె తప్పు కాదు. పోస్టు తప్పు కాదు. ఆ కాగితం ఇలా ఇచ్చెయ్యి, వర్జిల్" అన్నారు.

నా పేరు పెట్టి పిలిచారని ఇంటికి వచ్చేదాకా నాకు తట్టలేదు. పొగాకు కొనడం ఆయనా మర్చిపోయారు.

ట్రక్కు ఇంటి ముందు ఆగాక తలుపు తియ్యబోయి ఆగారు. "నువ్వు ముందే చూశావు కదూ?"

"చూశాను."

"మరి చెప్పవేం?"

నేను తాళంచెవి తిప్పి ఇంజను ఆపాను. ఆయన దిగి లోపలికి వెళ్లారు.

కొలెట్‌కి కోపం వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది? "ఇద్దరూ కలిసి వెళ్లి డబ్బు వద్దని చెప్పి వచ్చారా?" అంది. "చలికాలం మొత్తం ఏం కప్పుకుని పడుకుంటాం నాన్నా, నీ నిజాయితీనా?"

"కూర్చో. ఇంకా ఉంది" అన్నారు ఆయన. "ఆ రెండిటి వాళ్లకి కూడా రాయాలి."

"అవి బాగానే ఉన్నాయి!"

"ఇది కూడా మొన్నటిదాకా బాగానే ఉంది. ఎప్పుడు పోతుందో నేను చెప్పలేను. కానీ పోతుంది. ఆవిడ దీన్ని మనవరాలికి ఇస్తానంది కదే. ఆ పిల్ల చేతిలో ఉండగా పగిలుంటే? ఆ ఇళ్లల్లోనూ పిల్లలు ఉండొచ్చు."

కొలెట్ చేతిలోని గిన్నె సింకులో పెట్టి, అటు తిరిగి నిలబడింది. కుళాయి కట్టలేదు. చివరికి కుళాయి కట్టేసి, "కాగితాలు ఎక్కడున్నాయి?" అంది.

కంప్యూటరులో రాస్తే చాలదన్నారు ఆయన. కాగితం మీద, తన సంతకంతో వెళ్లాలి. ఆయన చెప్పారు, కొలెట్ రాసింది. నాలుగే వాక్యాలు. ఈ బొమ్మని సరిగ్గా చల్లార్చలేదు, దానంతట అదే పగలొచ్చు, వెనక్కి పంపితే తపాలా ఖర్చుతో సహా మొత్తం ఇస్తాం, తప్పు నాది. కింద పెద్ద అక్షరాలతో సంతకం. ఆస్టర్‌గార్డ్ గారికి డబ్బుతోపాటు ఒక పచ్చ గాజు బేరిపండు కూడా పంపారు. అది కట్టేటప్పుడు పక్కన నిలబడి, "బరువు కింద పడేలా ఎలా సర్దుతావో చూపించు" అన్నారు. చూపించాను. పైనుండే పెద్ద పెట్టె ఆయనే కట్టారు. ఊపితే కొంచెం చప్పుడు వచ్చింది. మళ్లీ విప్పి కట్టారు.

పెన్సిల్వేనియా దుకాణం అతను వారంలో పుంజుని వెనక్కి పంపి డబ్బు తీసుకున్నాడు. ఉత్తరం లేదు. ఆయన దాన్ని పెరట్లోకి తీసుకెళ్లి సంచిలో పెట్టి సుత్తితో కొట్టారు. నేను కిటికీలోంచి చూశాను. ఒక్క దెబ్బకి పొడైపోయిందని వచ్చి చెప్పారు, నాకు ఒక్కడికే.

హీటరు రాలేదు. మెథడిస్టు చర్చివాళ్లు అవతల పడేసిన కట్టెల పొయ్యి తెచ్చి ముందుగదిలో పెట్టాను. మేడగదులు మూసేసి, మంచాలు కిందకి దించాం. ఆ చలికాలం ముగ్గురం ఒక్క గదిలోనే పడుకున్నాం. కొలెట్ కోపం నవంబరులో జింకల వేట మొదలయ్యేదాకా ఉండి, ఒకరోజు పొద్దున్నే మందపాటి తీపి అట్లు, వాఫుల్స్, వేసే పెనం పొయ్యి మీద పెట్టడంతో పోయింది. గాజు ఊదే గొట్టం ఎలా తిప్పాలో, గాజు రంగు చూసి వేడి ఎలా చెప్పాలో మామగారు నాకు కట్టెపుల్లతో చూపించేవారు, ఇక ఎందుకూ పనికిరాని సంగతే అయినా. ప్యాకింగులో మేం తిన్న తిట్లు నేను చెబితే వినేవారు. అరల మీద మిగిలినవాటిని ఇక వేలానికి పెట్టలేదు.

ఆరెగాన్ నుంచి జవాబు డిసెంబరులో వచ్చింది. కవరు మీద చేతిరాత వణుకుతోంది. పొయ్యి పక్కన నన్ను చదవమన్నారు ఆయన.

"ఆర్మండ్ గారూ, మీ ఉత్తరం అందింది" అని రాశాడు లేలండ్ ఫిప్స్. "నాకు డెబ్బై నాలుగేళ్లు. గుండెలో ఒక కవాటం పాడైందనీ ఎప్పుడైనా ఆగొచ్చనీ డాక్టరు అన్నాడు. మీ పుంజుకీ నాకూ బాగానే కుదిరింది. ఇంట్లో పిల్లలెవరూ లేరు. డబ్బు నాకొద్దు, దాన్ని నేను పంపను. వంటింటి కిటికీలో పెట్టాను. పొద్దున్నే దానిలోంచి ఎండ పడితే బల్ల మొత్తం ఎర్రగా అవుతుంది. ఇంతవరకు నాకు అమ్మినవాళ్లెవరూ ఇలా రాయలేదు."

మళ్లీ చదవమన్నారు. చదివాను. ఆయన కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నారు. కొలెట్ కుట్టుపని ఆపి ఆయన్నే చూస్తోంది.

"వర్జిల్, అతనికి ఇవాళే రాయి" అన్నారు. "కిటికీలో పెట్టొద్దను. రాత్రి చలీ పొద్దున్న ఎండా, రెండూ దానికి పడవు. గదిలో లోపలి గోడకి పెట్టుకోమను. దీపం ముందు పెట్టినా ఎరుపు కనిపిస్తుంది, కానీ దగ్గరగా వద్దు, మూరెడు దూరం ఉండాలని రాయి."

రాశాను. ఆయన చదివి, కింద సంతకం పెట్టారు.